పాయింట్ తర్వాతి అంకెల విలువ పిల్లలకు నేర్పడం ఎలా

మీ ఇంట్లో ఐదో తరగతి దాటిన పిల్లలుంటే, దశాంశాల పాఠం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ఈ మూడు జతలు రాసివ్వండి. ఒక్కో జతలో ఏది పెద్ద సంఖ్యో దానికి గుండ్రం చుట్టమనండి. రెండూ సమానమైతే మధ్యలో సమానం గుర్తు పెట్టమనండి.

4.5, 4.12
3.6, 3.85
2.5, 2.50

జవాబులు చూడగానే తప్పనో ఒప్పనో అనేయకండి. "ఎలా ఆలోచించావు నాయనా?" అని అడగండి. అసలు సంగతి అక్కడ బయటపడుతుంది.

మొదటి జతలో 4.12 పెద్దదన్న పిల్లలు పాయింట్ తర్వాత ఉన్నదాన్ని మామూలు సంఖ్యలాగా చదువుతున్నారు. పన్నెండు ఐదు కంటే పెద్దది కదా అన్నది వాళ్ల లెక్క. వాళ్లే రెండో జతలో 3.85 పెద్దదంటారు. జవాబు కరెక్టే, వచ్చిన దారి మాత్రం తప్పు. ఆ ఒక్క జతే ఇచ్చి ఊరుకుంటే పిల్లలకు పాఠం వచ్చేసిందని మనం అనుకుంటాం. ఇంకో రకం పిల్లలుంటారు. పదో వంతు కంటే వందో వంతు చిన్నదని వాళ్లు ఎప్పుడో విని ఉంటారు. ఆ మాట పట్టుకుని, పాయింట్ తర్వాత ఎన్ని ఎక్కువ అంకెలుంటే సంఖ్య అంత చిన్నదని తేల్చేసుకుంటారు. వీళ్లు మొదటి జత సరిగ్గా చేసి, రెండో జతలో 3.6కి గుండ్రం చుడతారు. మూడో జతలో 2.50 పెద్దదనేవాళ్లు మొదటి రకం, 2.5 పెద్దదనేవాళ్లు రెండో రకం. పరీక్షల్లో ఈ రెండు రకాల వాళ్లకీ సగం మార్కులు వచ్చేస్తుంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఎనిమిదో తరగతి దాకా అలాగే నెట్టుకొచ్చిన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు.

నేను తిరుపతి బైరాగిపట్టెడలో ఇంట్లోనే ట్యూషన్ చెబుతాను. అంతకుముందు పాకాల దగ్గర మా ఊరి పాల కేంద్రంలో లెక్కలు రాసేదాన్ని. పొద్దున, సాయంత్రం క్యాన్లు పట్టుకుని వచ్చినవాళ్ల పాలు కొలవాలి, శాంపిల్ తీసి మెషిన్‌లో పెట్టాలి, ఫ్యాట్ (వెన్న) ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలల్లో ఉండే మిగతా ఘన పదార్థం) ఎంత అన్నది పుస్తకంలో ఎక్కించాలి. అక్కడ పాయింట్ తర్వాతి అంకె అంటే నేరుగా డబ్బే. ఈ పాఠం మీద నాకు ఇంత పట్టుదల అందుకే. పాయింట్ తర్వాత ఉన్న ప్రతి అంకె ఏ చోట కూర్చుందో, ఆ చోటు ఎంత సైజుదో పిల్లలకు కంటికి కనబడాలి. అది కనబడ్డాక మిగతావన్నీ వాళ్లే చేసుకుంటారు. అది కనబడకుండా ఎన్ని సూత్రాలు బట్టీ పట్టించినా నిలవవు.

గ్రాఫ్ షీటు ముందు, డబ్బులు తర్వాత

చాలామంది రూపాయి పైసలతో మొదలుపెడతారు. నేను పెట్టను. మన దేశంలో రూపాయికి వంద పైసలన్న లెక్క 1957 ఏప్రిల్ 1న వచ్చింది. అంతకుముందు రూపాయికి పదహారణాలు. పావలా, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. ఈ కాలం పిల్లలు పది పైసల బిళ్లను చేత్తో పట్టుకోలేదు. రూపాయిలో పదో వంతు అంటే పది పైసలని చెబితే, తెలియని దాన్ని ఇంకో తెలియని దానితో చెప్పినట్టవుతుంది. పైగా డబ్బు లెక్క రెండు అంకెల దగ్గర ఆగిపోతుంది. డబ్బుతోనే నేర్చుకున్న పిల్లలు 4.125ని నాలుగు రూపాయల నూట ఇరవై ఐదు పైసలని చదువుతారు. అందుకని డబ్బులు తర్వాత.

మొదట కావాల్సింది ఒక గ్రాఫ్ షీటు, రెండు రంగు పెన్సిళ్లు. సెంటీమీటరుకో ముదురు గీత, మిల్లీమీటరుకో సన్న గీత ఉండే షీటు తీసుకోండి. దాని మీద 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పుతో ఒక చదరం గీయించండి. ఈ చదరం మొత్తం "ఒకటి". ఇది పిల్లల మనసులో గట్టిగా పడాలి, కాబట్టి చదరం పైన 1 అని పెద్దగా రాయించండి.

ఇప్పుడు ముదురు గీతల వెంబడి నిలువుగా చూస్తే పది పట్టీలు కనిపిస్తాయి. ఒక పట్టీ అంటే ఒకటిలో పదో వంతు, 0.1. ఒక్కో పట్టీలో పది గళ్లుంటాయి, చదరం మొత్తం మీద వంద. ఒక గడి అంటే వందో వంతు, 0.01. గడి లోపలికి చూస్తే అందులో మళ్లీ ఒక మిల్లీమీటరు వెడల్పున పది సన్న పట్టీలు. ఒక్కోటీ వెయ్యో వంతు, 0.001. ఆ సన్న పట్టీలో మళ్లీ పది చిన్న చుక్కగళ్లు. ఒక్కోటీ పదివేలో వంతు, 0.0001. పెద్ద చదరంలో అలాంటివి సరిగ్గా పది వేలుంటాయి. నాలుగు దశాంశ స్థానాలు ఒక్క కాగితం మీద, ఒకదాని లోపల ఒకటి, నిజమైన సైజుల్లో కనిపిస్తాయి. దీనికి మించిన పరికరం నాకు తెలిసి లేదు, ఖర్చు కూడా లేదు.

ఇక రంగులు. 0.3 వేయమనండి. మూడు పట్టీలు. పక్కనే ఇంకో చదరం గీసి 0.27 వేయమనండి. రెండు పట్టీలు, మూడో పట్టీలో ఏడు గళ్లు. రెండు చదరాలూ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ నిండిందో చూడమనండి. మొన్న ఆరో తరగతి పాప ఒకతి ఇదే చేస్తూ, ఏడో గడి దగ్గర పెన్సిల్ ఆపి, మిగిలిపోయిన మూడు గళ్లను వేలితో తడిమి, "ఇంకా మూడు గళ్లు వేస్తేగానీ దాంతో సమానం కాదు మేడం" అంది. 0.3కీ 0.27కీ తేడా 0.03 అని నేను చెప్పకముందే ఆ పాప చెప్పేసింది. ఆ తర్వాత అదే బొమ్మను 0.2753 చేయమన్నాను. తర్వాతి గడిలో ఐదు సన్న పట్టీలు నింపింది. నాలుగో అంకెకి వచ్చేసరికి పెన్సిల్ మొన చెక్కుకుని, మూడు చుక్కగళ్లను ఊపిరి బిగబట్టి నింపింది. "ఇంత కష్టపడితే ఇది కనబడను కూడా కనబడట్లేదు" అంది. నాలుగో దశాంశ స్థానం ఎంత చిన్నదో ఆ పాపకు ఇక ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

ఈ పనికి రెండు సాయంత్రాలు పట్టినా తొందరపెట్టకండి. నోటి లెక్కల్లో చురుగ్గా ఉండే పిల్లలు రంగులేయడం చిన్నపిల్లల పని అనుకుని విసుక్కుంటారు. వాళ్లచేతా వేయించండి. మూడు జతల పరీక్షలో తప్పేవాళ్లలో చురుకైన పిల్లలూ ఉంటారు.

చోటుకో నంబరు

బొమ్మ అయ్యాక రాతలోకి రండి. పలక మీద గానీ నోటు పుస్తకంలో గానీ ఇలా గళ్లు గీయండి.

వందలు | పదులు | ఒకట్లు | పదో వంతులు | వందో వంతులు | వెయ్యో వంతులు

స్కూలు పుస్తకాల్లో దశాంశ స్థానం, శతాంశ స్థానం, సహస్రాంశ స్థానం అని ఉంటాయి. అవీ చెప్పండి, పరీక్షలో అవే అడుగుతారు. నోటితో పలికేటప్పుడు మాత్రం పదో వంతు, వందో వంతు అనే అలవాటు చేయండి, పలికిన ప్రతిసారీ సైజు గుర్తొస్తుంది.

ఇక్కడ పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "పాయింట్‌కి ఎడమ పక్క ఒకట్లు, పదులు, వందలు ఉన్నాయి. కుడి పక్క పదో వంతుతో ఎందుకు మొదలైంది? ఒకట్ల వంతు ఏది?" మంచి ప్రశ్న, దాటేయకండి. పిల్లలు పాయింట్‌ని నట్టనడుమ అనుకుంటున్నారు. నడుమ ఉన్నది పాయింట్ కాదు, ఒకట్ల స్థానం. ఒకట్ల నుంచి ఎడమకి ఒకడుగు వేస్తే పదులు, కుడికి ఒకడుగు వేస్తే పదో వంతులు. ఎడమకి రెండడుగులు వేస్తే వందలు, కుడికి రెండడుగులైతే వందో వంతులు. అప్పుడు రెండు పక్కలా సరిగ్గా సరిపోతుంది. పాయింట్ చేసే పని ఒక్కటే, తన ఎడమ పక్కన ఆనుకుని ఉన్న అంకె ఒకట్లదని చూపించడం. ఇది చెప్పాక పిల్లల ముఖం వెలగడం ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను.

దీన్ని రాతలో చూపించడానికి నేనొక పాత పద్ధతి వాడతాను. స్థానం మారితే విలువ పదింతలవుతుందన్న సూత్రం మన ఆర్యభటుడు 499లోనే చెప్పాడు. అది పూర్ణ సంఖ్యల సంగతి. అదే సూత్రాన్ని ఒకట్లకు కుడివైపుకి కూడా నడిపించి లెక్కలు చేయడం ఐరోపాలో బాగా వ్యాపించింది 1585 తర్వాతే. ఆ ఏడాది సైమన్ స్టెవిన్ అనే ఆయన ఒక చిన్న పుస్తకం వేశాడు. నక్షత్రాలు లెక్కించేవాళ్లు, భూమి కొలిచేవాళ్లు, టంకశాల అధికారులు, వర్తకులు దాన్ని వాడుకోవాలన్నది ఆయన ఉద్దేశం. మన పిల్లలకు కుడివైపు నడక కష్టంగా ఉందంటే అందులో వింతేమీ లేదు, పెద్ద పెద్దవాళ్లకే అంత కాలం పట్టింది.

స్టెవిన్ పాయింట్ వాడలేదు. అంకె పక్కన చిన్న గుండ్రం గీసి అందులో స్థానం నంబరు వేశాడు. ఒకట్లకు 0, పదో వంతులకు 1, వందో వంతులకు 2, వెయ్యో వంతులకు 3. నేను పిల్లలచేత ఆ గుండ్రాల్ని అంకెల నెత్తిన పెన్సిల్‌తో వేయిస్తాను. 4.38 అని రాసి 4 మీద 0, 3 మీద 1, 8 మీద 2. ఆ నంబరు చూడగానే ఒకట్ల నుంచి ఎన్నడుగులు కుడికి వచ్చామో తెలిసిపోతుంది. ఒకడుగంటే పదితో ఒకసారి భాగించినట్టు, రెండడుగులంటే రెండుసార్లు. కొన్నాళ్లకు పిల్లలే గుండ్రాలు వేయడం మానేస్తారు. మానేయమని మీరు చెప్పకండి.

చదవడం గురించి ఒక మాట. బజార్లో అందరం "నాలుగు పాయింట్ ముప్పై ఎనిమిది" అనే అంటాం. నేర్పే రోజుల్లో మాత్రం "నాలుగు పాయింట్ మూడు ఎనిమిది" అని విడివిడిగా చదివించండి. 4.5, 4.12 జతలో జరిగే తప్పుకు సగం కారణం ఆ "పన్నెండు" అన్న పలుకే. స్థానాలు గట్టిపడ్డాక రెండో మెట్టు ఎక్కండి. 0.38 అంటే మూడు పదో వంతులు, ఎనిమిది వందో వంతులు. మూడు పట్టీల్లో ముప్పై గళ్లు కాబట్టి దాన్నే ముప్పై ఎనిమిది వందో వంతులు అని కూడా అనొచ్చు. గ్రాఫ్ షీటు మీద లెక్కపెట్టించండి.

సున్నా ఎక్కడుంటే ఏమవుతుంది

అన్నిటికంటే ఎక్కువ టైమ్ ఇక్కడ ఇవ్వండి. దీనికి పుస్తకం కంటే రైతుబజారు మేలు. ఎలక్ట్రానిక్ కాటా మీద పాయింట్ తర్వాత మూడు అంకెలు కనిపిస్తాయి. కిలోలో పదో వంతు వంద గ్రాములు, వందో వంతు పది గ్రాములు, వెయ్యో వంతు ఒక గ్రాము. మూడు స్థానాలూ పిల్లలకు తెలిసిన బరువులే.

రద్దీ లేని వేళ మీకు అలవాటైన కూరగాయల అంగడికి పిల్లల్ని తీసుకెళ్లండి. టమోటాలు ఒక్కొక్కటే కాటాలో వేస్తూ అంకెలు ఎలా మారుతున్నాయో చూడమనండి. 0.085, తర్వాత 0.170, అలా పెరుగుతూ పోతుంది. 0.9 దాటి 1.0 అయ్యేచోట ఆగండి. పదో వంతుల చోట 9 తర్వాత సున్నా వచ్చి ఒకట్ల చోట 1 పడింది. పదులు, వందల్లో చేసుకున్నట్టే ఇక్కడా పది నిండితే ఎడమ చోటికి ఒకటి వెళుతుంది. పెద్ద కాటాలు చాలావరకు ఐదేసి గ్రాముల చొప్పున చూపిస్తాయి కాబట్టి చివరి అంకె 0 గానీ 5 గానీ ఉంటుంది. పిల్లలు అది గమనించి అడిగితే వాళ్లను మెచ్చుకోండి.

ఇంటికొచ్చాక ఈ మూడు బరువులు రాసివ్వండి: 1.5, 1.05, 1.005. మూడింట్లోనూ కిలో ఉంది, మూడింట్లోనూ 5 ఉంది. మొదటిదాంట్లో ఆ 5 అర కిలో. రెండోదాంట్లో యాభై గ్రాములు. మూడోదాంట్లో ఐదు గ్రాములు, చిటికెడు. పాయింట్ పక్కన సున్నా వచ్చిన ప్రతిసారీ 5 ఒక స్థానం కుడికి జరిగి పదో వంతుకు పడిపోయింది. "సున్నాకు విలువ లేదు కదా" అనే పిల్లలకు ఈ మూడు బరువుల తేడా చూపిస్తే చాలు. సున్నాకు తన విలువ లేకపోవచ్చు, మిగతా అంకెలు ఏ చోట కూర్చోవాలో నిర్ణయించేది అదే.

చివర్లో వచ్చే సున్నా వేరు. 1.5, 1.50, 1.500 మూడూ ఒకే బరువు. గ్రాఫ్ షీటు మీద ఐదు పట్టీలన్నా యాభై గళ్లన్నా నిండిన చోటు ఒకటే. మరి కాటా 1.500 అని ఎందుకు చూపిస్తుందంటే, గ్రాముల చోటు దాకా చూశాను, అక్కడ ఏమీ లేదు అని చెప్పడానికి. ఈ సంగతి ఏడో తరగతి పిల్లలకు చెబితే ఇష్టంగా వింటారు, చిన్నవాళ్లకు అక్కర్లేదు.

ఇంట్లో పసిపిల్లలకు డ్రాపర్‌తో మందు వేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 0.5 ఎంఎల్‌ను .5 అని రాస్తే ఆ చుక్క కంటికి ఆనక 5 ఎంఎల్ అనుకునే ప్రమాదముంది, అంటే పదింతలు. అందుకే మందుల మోతాదు రాసేటప్పుడు పాయింట్ ముందు సున్నా తప్పకుండా ఉండాలంటారు. అలాగే 5 అని రాయాల్సినచోట 5.0 అని రాయకూడదంటారు, చుక్క చెదిరిపోతే 50లా కనబడుతుంది కాబట్టి. పిల్లలకు మొదటినుంచీ 0.5 అనే రాయడం అలవాటు చేయండి.

పోల్చడం

పాల కేంద్రంలో కొత్త మెషిన్ వచ్చిన కొత్తలో జరిగిన సంగతి. పాత మెషిన్ పాయింట్ తర్వాత ఒక్క అంకే చూపించేది. కొత్తది రెండంకెలు చూపించడం మొదలుపెట్టింది. మా ఊరి అవ్వ ఒకామె రెండు చీటీలు పట్టుకుని కోపంగా వచ్చింది. "నిన్న 4.5, ఈ పొద్దు 4.38. ఫ్యాటు పెరిగిందని మా మనవడు సదివి చెప్పినాడు. పాలు అన్నే పోస్తి, దుడ్లు మాత్రం తగ్గినాయి. ఇదేం న్యాయం పాపా?" అంది. మనవడు ఆరో తరగతి. ముప్పై ఎనిమిది ఐదు కంటే పెద్దదని చదివి పెట్టాడు.

నేను పాత చీటీ మీద 4.5 పక్కన ఒక సున్నా చేర్చి 4.50 చేసి, రెండూ ఒకదాని కింద ఒకటి పెట్టాను. "అవ్వా, 4.5 అంటే నాలుగున్నర. ఇప్పుడు రెండోది చూడు, నాలుగు దాటింది గానీ అరకి అందలేదు" అన్నాను. ఆమెకి అర అన్న మాట చాలు. వెంటనే "అయితే తగ్గినట్టే" అంది. చీటీలు మడిచి కొంగున ముడేసుకుని, మనవడిని నా దగ్గరికి పంపిస్తానని చెప్పి వెళ్లింది. పంపించింది కూడా. నా మొదటి ట్యూషన్ పిల్లవాడు వాడే.

పోల్చేటప్పుడు ఎడమ నుంచి మొదలుపెట్టించండి. ముందు ఒకట్లు చూడాలి. అవి సమానమైతే పదో వంతులు. అక్కడ తేడా కనబడితే అక్కడే ఆగిపోవాలి. కుడివైపు ఎన్ని తొమ్మిదులున్నా ఆ తేడాను పూడ్చలేవు. ఎందుకు పూడ్చలేవో పిల్లలచేత గ్రాఫ్ షీటు మీద చేయించండి. 0.4 ఒక చదరంలో, 0.3999 ఇంకో చదరంలో. మూడు పట్టీలు, తొమ్మిది గళ్లు, తొమ్మిది సన్న పట్టీలు, తొమ్మిది చుక్కగళ్లు అన్నీ నింపినా నాలుగో పట్టీ చివర ఒక్క చుక్కగడి మిగిలే ఉంటుంది. సున్నాలు చేర్చి అంకెల సంఖ్య సమానం చేసి పోల్చడం కూడా మంచి పద్ధతే. అయితే బొమ్మ చూశాకే అది చెప్పండి. ముందే చెబితే సున్నాలు చేర్చి మళ్లీ మామూలు సంఖ్యల్లాగే చదువుతారు, స్థానం సంగతి మరిచిపోతారు.

అభ్యాసానికి పాల ప్యాకెట్లు దాచిపెట్టండి. టోన్డ్ పాలకు కనీసం ఫ్యాట్ 3.0, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5. డబుల్ టోన్డ్‌కు 1.5, 9.0. స్టాండర్డైజ్డ్‌కు 4.5, 8.5. ఫుల్ క్రీమ్‌కు 6.0, 9.0. ప్యాకెట్ మీద ఈ అంకెలు వెతికించి, ఫ్యాట్ ప్రకారం వరుసలో పెట్టమనండి. తర్వాత 4.5 శాతం అంటే వంద గ్రాముల పాలల్లో ఎన్ని గ్రాముల వెన్న ఉన్నట్టు, కిలో పాలల్లో ఎంత అని అడగండి. 45 గ్రాములని చెప్పేటప్పుడు పిల్లలు తెలియకుండానే పదితో గుణిస్తారు. తర్వాతి మెట్టు అదే.

పదితో గుణిస్తే జరిగేది అంకెలు

"పదితో గుణిస్తే చివర సున్నా చేర్చు" అని మూడో తరగతిలో నేర్చుకున్న పిల్లలు 3.5ను పదితో గుణించమంటే 3.50 అని రాస్తారు. "పాయింట్‌ని ఒక చోటు కుడికి జరుపు" అని నేర్చుకున్నవాళ్లు జవాబు సరిగ్గానే తెస్తారు, భాగహారంలో ఎటు జరపాలో మాత్రం తడబడతారు. రెండు సూత్రాలూ వద్దు. స్థానాల గళ్లు గీయించి, 3, 5 అంకెల్ని చిన్న చీటీల మీద రాసి ఆ గళ్లలో పెట్టించండి. మూడు ఒకట్లు పదిసార్లు తీసుకుంటే మూడు పదులు, చీటీ ఒక గడి ఎడమకి జరుగుతుంది. ఐదు పదో వంతులు పదిసార్లు తీసుకుంటే ఐదు ఒకట్లు, ఆ చీటీ కూడా ఎడమకి ఒక గడి. జవాబు 35. పాయింట్ కదల్లేదు, అంకెలు కదిలాయి. పదితో భాగిస్తే చీటీలన్నీ కుడికి జరుగుతాయి. చీటీలు చేత్తో జరిపిన పిల్లలకు ఎటు జరపాలన్న అనుమానం రాదు.

పాయింట్‌లా కనిపించే వేరే లెక్కలు

ఇది స్కూలు పుస్తకాల్లో సరిగ్గా చెప్పరు. పిల్లలు రోజూ చూసే కొన్ని చుక్కలు దశాంశ బిందువులు కావు. క్రికెట్‌లో 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు. ఓవరుకు ఆరు బంతులే కాబట్టి మూడు బంతులంటే అర ఓవరు. లెక్కలో అది 4.5. 4.3 ఓవర్లలో 36 పరుగులు కొడితే రన్ రేట్ ఎంత అని అడగండి. 36ను 4.3తో భాగించినవాళ్లకు తప్పు జవాబు వస్తుంది, 4.5తో భాగించినవాళ్లకు సరిగ్గా 8 వస్తుంది. బంతుల లెక్కన సరిచూడమనండి, 27 బంతుల్లో 36 పరుగులు. మ్యాచ్ చూసే పిల్లలు ఈ లెక్క మళ్లీ మళ్లీ చేస్తారు. ఎత్తు 5.11 అన్నది ఐదడుగుల పదకొండు అంగుళాలు, అది 5.2 ఎత్తున్న మనిషి కంటే ఎక్కువే. బస్సు 7.30కి అంటే ఏడున్నర, కానీ అర గంటను లెక్కలో 0.5 అనాలి. వీటన్నిటికీ అడగాల్సిన ప్రశ్న ఒకటే. కుడివైపు ఎన్ని నిండితే ఎడమకి ఒకటి వెళుతుంది? పది నిండితేనే అది దశాంశం. ఆరో, పన్నెండో, అరవయ్యో అయితే కాదు.

మన వైపు పొలం లెక్క మాత్రం నిజమైన దశాంశమే. ఎకరాకు వంద సెంట్లు. కాగితాల మీద 2.05 అని ఉంటే రెండెకరాల ఐదు సెంట్లు. 2.50 అంటే రెండెకరాల యాభై సెంట్లు, నోటితో రెండున్నర. మధ్యలో సున్నా ఉందా లేదా అన్నదాని మీద 45 సెంట్లు ఆధారపడి ఉన్నాయి. సెంటుకు 435.6 చదరపు అడుగులు కాబట్టి 45 సెంట్లంటే 19,602 చదరపు అడుగులు. ఇంట్లో పొలం కాగితాలుంటే ఒక జెరాక్స్ తీసి పిల్లల ముందు పెట్టి చదివించండి. తాత, నాయన పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. ఆ అంకెలంటే వాళ్లకు ఎంత పట్టింపో పిల్లలు దగ్గరుండి చూస్తారు.

ఎనిమిదో తరగతి పిల్లలకు ఫోన్‌లో మ్యాప్ తెరిచి తిరుపతి అక్షాంశం చూపించండి, సుమారు 13.63 డిగ్రీలు. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు. పదో వంతు 11 కిలోమీటర్లు, వందో వంతు కిలోమీటరు పైచిలుకు, వెయ్యో వంతు 111 మీటర్లు, నాలుగో స్థానం 11 మీటర్లు. చిత్తూరు 13.22 దగ్గర ఉంటుంది. తేడా 0.41 డిగ్రీలు, అంటే చిత్తూరు మనకంటే సుమారు 45 కిలోమీటర్లు దక్షిణానికి ఉన్నట్టు. రోడ్డు దూరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఊరు పడమరకి కూడా జరిగి ఉంది. ఇల్లు ఎక్కడుందో చెప్పాలంటే ఎన్ని దశాంశ స్థానాలు కావాలో పిల్లల్నే తేల్చమనండి.

కూడికలకు ఎప్పుడు వెళ్లొచ్చో చూసుకోవడానికి నేను నాలుగు ప్రశ్నలు అడుగుతాను. 6.072లో 7 విలువ ఎంత? 0.4కీ 0.5కీ మధ్య ఒక సంఖ్య చెప్పు, దానికీ 0.4కీ మధ్య ఇంకొకటి చెప్పు. 12 పదో వంతులను పాయింట్‌తో ఎలా రాస్తావు? 0.6, 0.06, 0.60లో సమానమైనవేవి? మూడో ప్రశ్నకు 0.12 అని రాస్తే గ్రాఫ్ షీటు దగ్గరికి మళ్లీ వెళ్లాలి. పన్నెండు పట్టీలంటే ఒక చదరం నిండి రెండు పట్టీలు మిగులుతాయి, 1.2. రెండో ప్రశ్నకు "మధ్యలో ఏమీ లేవు" అన్నవాళ్లకు నాలుగో పట్టీ తర్వాత ఉన్న గళ్లను చూపించండి.

నాలుగూ తడుముకోకుండా చెబితే 3.5, 0.27 కూడమనండి. "పాయింట్ కింద పాయింట్ రావాలి" అని ముందే చెప్పకండి. ఏ అంకె కింద ఏది రాయాలో వాళ్లనే ఆలోచించనివ్వండి. పదో వంతుల కింద పదో వంతులు రావాలని తెలిసిన పిల్లలు 5 కింద 2 పెడతారు, 7ను ఒక చోటు కుడికి తోస్తారు. 3.77 వస్తుంది, పాయింట్లు వాటంతటవే ఒకదాని కింద ఒకటి వచ్చేస్తాయి. 3.32 అని రాసినవాళ్లు చివరి అంకెల్ని ఒక వరుసలో పెట్టారు. వాళ్లచేత అంకెల నెత్తిన గుండ్రాలు వేయించి, 1 కింద 1 ఉందో లేదో చూసుకోమనండి.